మా చిన్న సంఘం విదేశీ మిషన్ కోసం ఏం చెయ్యగలదు? పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు వాళ్ళు కాస్త చెప్పండి

మహేంద్రతనయ_గట్టు:
అందరికీ వందనాలు. మాది పర్లాకిమిడి. 60 కుటుంబాల తెలుగు బాప్టిస్టు సంఘం, ఆదివారం వచ్చేవి ఓ 40 అనుకోండి. మొన్న వార్షిక మీటింగులో మిషన్ కమిటీ అని కొత్తగా ఒకటి పెట్టారు, ఆ రోజు నేను వైరింగ్ పని మీద పలాస వెళ్ళాను, లేనివాడు కాదనలేడు కదా, నన్నే సెక్రటరీ చేసేశారు.

ఇప్పుడు మా దగ్గర మిషన్ ప్రార్థన అంటే ఎలా ఉంటుందో చెప్తాను. ఆరాధన చివర్లో, అప్పటికే పన్నెండున్నర, పిల్లలు ఆకలికి ఏడుస్తుంటారు, ఒక పెద్దాయన లేచి ప్రభువా ఆసియా ఖండాన్ని ఆఫ్రికా ఖండాన్ని ఐరోపా ఖండాన్ని సముద్ర ద్వీపాలను జ్ఞాపకం చేసుకో అని ఒక్క గుక్కలో భూగోళం చుట్టేసి ఆమెన్ అంటాడు, మేమూ ఆమెన్ అని చెప్పులేసుకుంటాం. గోడకి ప్రపంచ పటం ఉంది, యవ్వనస్థులు కొన్నదే, క్రిస్మస్ స్టార్ వైరు దాని మేకుకే తగిలిస్తాం, అంతవరకే దాని ఉపయోగం.

సంవత్సరానికి మిషన్ పద్దు కింద 12 వేలు మిగులుతున్నాయి. దీంతో ఏం చెయ్యాలి? బయట దేశానికి పంపొచ్చా? ప్రార్థన ఇంకెలా చెయ్యాలి? తెలిసినవాళ్ళు చెప్పండి, ఎగతాళి చేసినా పర్లేదు.

పాతపట్నం_అన్న:
తమ్ముడూ ముందు ఒక మాట ఇనీ. పీపీటీ తెచ్చీవోల్ని నమ్మీకు. మా సంగానికి మూడేళ్ళ కింద ఒకడొచ్చినాడు, కోటూ బూటూ, ఎక్కడో అడవి దేశంలో సేవ అని బొమ్మలు సూపించినాడు, పిల్లలు బక్కసిక్కి, సూసినోల్లందరికీ కన్నీల్లే. ఆ రాత్రి కానుక 38 వేలు. మా వీదిలో ఒక ముసలమ్మ సేతి గాజు తీసి సంచిలో ఏసీసింది. తెల్లారినాక ఫోను కలవదు. మా కుర్రోడొకడు ఆ బొమ్మల్ని నెట్లో ఎతికితే ఏదో కరువు వార్తలోవి. ఇప్పుడు మిషన్ అన్న మాటెత్తితే మా వోల్లు సంచి ముడేసి కూకుంటారు. నష్టం డబ్బుది కాదురా, ఆ ముసలమ్మ మొకం సూడ్డానికి నాకిప్పటికీ సిగ్గే, ఆడ్ని స్టేజీ ఎక్కించింది నానే మరి.

మహేంద్రతనయ_గట్టు:
అయ్యో అన్నా. మరి ఎలా నమ్మాలి ఎవర్నైనా?

పాతపట్నం_అన్న:
మన కళ్ళెదుట పెరిగినోడైతే నమ్ము. నేకపోతే మనకి తెలిసిన సంగం ఆడి గురించి కాయితం రాయాల. అంతే.

గుణుపురం_టీచరమ్మ:
బాబూ, నేను రిటైరైన టీచర్ని, స్త్రీల సమాజంలో 30 ఏళ్ళుగా ఉన్నాను. డబ్బు సంగతి తర్వాత, ముందు ప్రార్థన సంగతి మాట్లాడదాం, ఎందుకంటే దాన్నే అందరూ ఖర్చులేని పని అనుకుంటారు.

మీ సంఘం ఎలా పుట్టిందో మీ యవ్వనస్థులకి తెలుసా? కెనడాలో నోవాస్కోషియా అని సముద్రం ఒడ్డు ప్రాంతం, చేపలు పట్టుకునే ఊళ్ళు. 1870లో హన్నా మరియా నోరిస్ అని ఒకావిడ మిషనరీగా వెళ్తానంటే బోర్డు దగ్గర ఆవిడకి సరిపడా డబ్బు లేదు. అప్పుడావిడ ఊరూరూ తిరిగి ఆడవాళ్ళ సహాయ సమాజాలు పెట్టించింది. వాళ్ళు చిల్లర పోగేసి, నెలకోసారి కూర్చుని ప్రార్థన చేసేవాళ్ళు. ఆ ఆడవాళ్ళు పర్లాకిమిడి చూడలేదు, చూసే ఆశ కూడా లేదు. ఆ ప్రాంతపు సంఘాలు పంపినవాళ్ళే మన శ్రీకాకుళం, బొబ్బిలి, కిమిడి వైపు వచ్చారు. మనం ఎవరి మోకాళ్ళ మీద పుట్టామో తెలిస్తే పన్నెండున్నర ప్రార్థన దానంతటదే మారుతుంది.

ఇంకోటి. మార్చి మొదటి శుక్రవారం ప్రపంచ ప్రార్థన దినం. ప్రతి ఏడూ ఒక దేశపు ఆడవాళ్ళు ఆరాధన క్రమం రాస్తారు, మిగతా లోకమంతా ఆ రోజు అదే చదువుతుంది. 2025లో కుక్ దీవులవాళ్ళు రాశారు. కుక్ దీవులా, వంటవాళ్ళ దీవులా అని మా సమాజంలో నవ్వు. సండే స్కూలు పిల్లలు గ్లోబు మీద వేలితో వెతికారు, పసిఫిక్‌లో న్యూజిలాండ్‌కి పైన ఆవగింజంత చుక్కలు. ఆ పూట మేము కొబ్బరి లౌజు చేసుకుని ఆ ద్వీపాల గురించి చదువుకుని ప్రార్థన చేశాం. 2026లో నైజీరియా ఆడవాళ్ళది. ఇది మగవాళ్ళు కూడా చెయ్యొచ్చు, మావాళ్ళు మాత్రం ఆ రోజు కుర్చీలేసి వెళ్ళిపోతారు, అది వేరే కథ.

జైపూర్_లూథరన్:
టీచరమ్మ గారికి వందనాలు. మా కోరాపుట్ వైపు కథ కూడా అలాంటిదే. ఉత్తర జర్మనీలో బ్రెక్లుం అని పల్లెటూరు, అక్కడి పాస్టరు క్రిస్టియన్ యెన్సెన్ 1876లో మిషన్ పెట్టాడు. 1880ల మొదట్లో అక్కణ్ణుంచి ఇద్దరు జైపూర్ రాజ్యానికి వచ్చారు. అప్పటి కోరాపుట్ కొండ జ్వరం అంటే తెలుసు కదా, వచ్చినవాళ్ళలో సమాధులయినవాళ్ళు చాలామందే. ఆ పల్లె జనాభా ఎంతని, అయినా ఒకరు పోతే ఇంకొకర్ని పంపారు. సాలూరు, పార్వతీపురం సంఘాలు కూడా వాళ్ళ పనే.

ప్రార్థన గురించి అయితే 1793లో ఇంగ్లండ్ నుంచి విలియం కేరీ మిషనరీగా భారతదేశం బయల్దేరిన సందర్భంలో, ఆయన్ని పంపిన సొసైటీ సెక్రటరీ ఆండ్రూ ఫుల్లర్ చెప్పిన మాట ఒకటుంది, ఇది లోతైన గనిలోకి దిగడం లాంటిది, కేరీ దిగుతాడు, పైన మేము తాడు పట్టుకుంటాం అని. ఫుల్లర్ 1815లో చనిపోయేదాకా ఊరూరూ తిరిగి ఆ తాడు పట్టుకునే ఉన్నాడు. కేరీ మళ్ళీ ఇంగ్లండ్ వెళ్ళనే లేదు. మన ఒడియా కొత్త నిబంధన 1809లో బెంగాల్లో కేరీ వాళ్ళ శ్రీరాంపూర్ ప్రెస్సులో అచ్చయిందంటే అందులో సగం పని తాడు పట్టుకున్నవాళ్ళదే అంటాను నేను.

మొరావియన్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు 1727లో జర్మనీలోని హెర్న్‌హూట్‌లో గంటకొకరు వంతుగా మొదలుపెట్టిన ప్రార్థన నూరేళ్ళ పైన నడిచింది. మీరు 40 కుటుంబాలు, రోజుకొక ఇల్లు వంతు పెట్టుకోండి, నెల తిరిగేసరికి...

మహేంద్రతనయ_గట్టు:
అన్నా చదవడానికి బాగుంది కానీ నూరేళ్ళ మాట చెప్తే మావాళ్ళు భయపడతారు. 21 రోజుల ఉపవాస ప్రార్థన పెడితేనే 9వ రోజుకి అయ్యగారూ నేనూ, ఇంకో ఇద్దరు మిగిలాం. అందులో ఒకరు తాళం తీసే మనిషి.

బరంపురం_బాబు:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, నేను క్రిస్టియన్ని కాదు. కానీ మా అమ్మని 2011లో బిస్సంకటక్ ఆసుపత్రిలో చేర్చాం, మెదడుకెక్కిన మలేరియా, 11 రోజులు. ఆ ఆసుపత్రిని 1954లో డెన్మార్క్ నుంచి వచ్చిన ఎలిజబెత్ మ్యాడ్సన్ అనే డాక్టరమ్మ మొదలుపెట్టిందని అక్కడే తెలిసింది. అమ్మ బతికింది, ఎవరూ మమ్మల్ని మతం మాట అడగలేదు. ఆ గౌరవంతోనే అడుగుతున్నా, మిషన్ మిషన్ అంటారు కదా, సేవ చేసేది మనిషి కోసమా, లెక్క కోసమా? మా కాలనీలో ఒకాయన బియ్యం పంచి ఫోటో తీసి ఎవరికో పంపుతుంటాడు, చూస్తే ఒళ్ళు మండుతుంది.

జైపూర్_లూథరన్:
బాబు గారూ సూటి ప్రశ్న. ఫోటో మాకూ ఒళ్ళు మండేదే. ఒక సంగతి చెప్తాను. ఒంగోలులో 1854 జనవరి 1న తెల్లవారుజామున ఐదుగురు కొండెక్కి ప్రార్థన చేశారు, ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. అక్కడికి 1866లో అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర వచ్చాడు. 1876 నుంచి 78 వరకు భయంకరమైన కరువు. ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. జనం బాప్తిస్మం ఇమ్మని వెంటపడితే కరువు సాయం నడిచినంత కాలం ఇవ్వను పొమ్మన్నాడు. కూలి కోసం వచ్చారన్న మాట రాకూడదని. సాయం ఆగిపోయాకే, 1878 జూలై 3న, ఒక్క రోజులో 2222 మంది. ఆ అంకె మేం గొప్పగా చెప్పుకుంటాం, దానికి ముందు ఆయన ఆగిన నెలల గురించి మాత్రం ఎవరూ ప్రసంగం చెయ్యరు.

రాయగడ_బ్యాంకు:
పైగా ఒడిశాలో 1967 నుంచే చట్టం ఉంది, బలవంతం, ఆశ చూపడం, మోసం ఇవన్నీ నేరం. కాబట్టి సేవ చేసేచోట సేవే చెయ్యాలి, అది చట్టమనే కాదు, అలాగైతేనే మనకీ నిద్ర పడుతుంది.

ఇక అసలు ప్రశ్న, డబ్బు. నేను బ్యాంకులోనే పని. చాలామంది ఎఫ్‌సీఆర్ఏ ఎఫ్‌సీఆర్ఏ అంటారు, అది విదేశీ విరాళాల చట్టం, బయట నుంచి మనకి వచ్చే డబ్బుకి. అలా వచ్చేది 2020 సవరణ తర్వాత ముందు ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోని అకౌంటుకే రావాలి, వచ్చినదాన్ని ఇంకో సంస్థకి పంచడం కూడా కుదరదు. మీది ఎదురు కేసు, మనం బయటికి పంపడం. మనుషులు తమ సొంత డబ్బు పంపడానికి ఎల్ఆర్ఎస్ అని రిజర్వ్ బ్యాంకు స్కీము ఉంది, సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా, మనకి అందులో చివరి సున్నా కూడా అందదనుకోండి. కానీ ట్రస్టులకీ సొసైటీలకీ ఆ స్కీము లేదు. పైగా ధర్మసంస్థ ఆదాయం దేశం బయట ఖర్చు పెడితే పన్ను మినహాయింపు చిక్కులొస్తాయి. అంటే సంఘం అకౌంటు నుంచి నేరుగా ఏ దేశానికో కొట్టేద్దాం అనుకోకండి, మీ ఆడిటర్ని అడక్కుండా ఒక్క రూపాయి కదపొద్దు. హవాలా గివాలా అని ఎవడైనా షార్ట్‌కట్ చెప్తే పరిగెత్తండి.

నన్నడిగితే 12 వేలు మన దేశంలోనే ఖర్చు పెట్టండి, బయట దేశాలకి ప్రార్థన, ఉత్తరాలు, మనుషులు.

లెక్కల_చెల్లి:
నేను ఎప్పుడూ చదవడమే, రాయను. ఇవాళ రాయాలనిపించింది. మా అక్క నర్సు, నేపాల్ కొండల్లో ఒక ఆసుపత్రిలో 6 ఏళ్ళుగా ఉంది. ఊరి పేరు, అక్క పేరు చెప్పను, ఎందుకో కూడా చెప్తాను. అక్కడ మతం మార్చడం నేరమని 2018 నుంచి అమల్లోకి వచ్చిన కోడ్‌లో ఉంది, ఐదేళ్ళ వరకు జైలు. అక్క చేసేది నర్సు పనే. కానీ మా సంఘంలో ఒకాయన అక్క రాసిన ప్రార్థన ఉత్తరం, ఫోటోతో సహా, అడ్డంగా ఏదేదో కలిపి వాట్సాప్ స్టేటస్ పెట్టేశాడు. అది చేతులు మారి మారి అక్కడివాళ్ళ దాకా వెళ్ళింది. అక్కకి ఏం కాలేదు గానీ రెండు నెలలు నిద్రపోలేదు, అమ్మా అంతే. దయచేసి ప్రార్థన ఉత్తరాలు ఫార్వర్డ్ చెయ్యకండి. పేరు బదులు మన నర్సమ్మ అంటే దేవుడికి అర్థం కాదా?

అక్క ఏం అడుగుతుందో తెలుసా? తలుపులు తెరవబడాలి, కోటలు కూలాలి అని కాదు. ఇంటి ఓనరు గది ఖాళీ చెయ్యమనకుండా ఉండాలని. నేపాలీలో నొప్పి గురించి ఉన్న మాటలన్నీ రావాలని, ముసలివాళ్ళు ఎక్కడ నొప్పో చెప్తే తనకి సగమే తెలుస్తోందంట. చలికాలం గ్యాసు సిలిండరు అయిపోకుండా ఉండాలని. అక్కడ శనివారం ఆరాధన, ఆదివారం పనిరోజు, మనం ఇక్కడ ఆదివారం పాటలు పాడుతుంటే అక్క డ్యూటీలో ఉంటుంది, ఆదివారమే తనకి ఎక్కువ ఒంటరిగా ఉంటుందంట.

2 ఏళ్ళకోసారి సెలవుకి వస్తుంది. పోయినసారి సంఘంలో ముందుకి పిలిచి శాలువా కప్పి, ఒక పాట పాడమ్మా అన్నారు. ఐదు నిమిషాలు. ఎలా ఉన్నావు అని ఒక్కరూ అడగలేదు. ఇంటికొచ్చి శాలువా మడతపెడుతూ, ఆరు శాలువాలయ్యాయి చెల్లీ, ఈసారి ఎవరైనా ఒక పూట భోజనానికి పిలిస్తే బాగుణ్ణు అంది.

గుణుపురం_టీచరమ్మ:
అమ్మా, ఈసారి వస్తే మా ఇంటికి. పప్పుచారు, నెత్తళ్ళ వేపుడు. ఇది ఉత్త మాట కాదు, మీరు నాకు మెసేజ్ పెట్టండి.

పాతపట్నం_అన్న:
ఆరు శాలువాలు. ఇది సదివి నాకు మాట రానేదు.

రాయగడ_బ్యాంకు:
చెల్లెమ్మా, అక్కకి ఇంటివాళ్ళు పంపాలంటే ఇండో నేపాల్ రెమిటెన్స్ అని వేరే స్కీము ఉంది, మన రూపాయల్లోనే, అకౌంటు నుంచి ఒకసారికి 2 లక్షల వరకు. 2021లో పెంచారు, ముందు 50 వేలే. తమ్ముడు అక్కకి పంపినట్టు పంపుకోవచ్చు.

సెరంగో_దారి:
నేను సవర తెగవాణ్ణి. తెలుగు పర్లాకిమిడిలో చదువుకున్నప్పుడు వచ్చింది, తప్పులుంటే సర్దుకోండి. గిడుగు రామమూర్తి గారు మీకు వాడుక భాష మనిషి, మాకు మా భాష నేర్చుకుని నిఘంటువు రాసిన మనిషి, పర్లాకిమిడి బడిలో పాఠం చెప్తూ మా పల్లెలకి వచ్చేవారంట. అంతకుముందు మా భాషని భాష అన్నవాడే తక్కువ.

ఒక మాట చెప్పనా, బాధపడొద్దు. మీ తెలుగు సంఘాలవాళ్ళు జీపులో మా కొండకి వస్తారు, చీరలు దుప్పట్లు ఇస్తారు, బ్యానరు కట్టి ఫోటో తీసుకుంటారు, మిషన్ ఫీల్డ్ చూసొచ్చాం అని వెళ్తారు. మా ఊళ్ళో సంఘం మీ సంఘం కన్నా పాతది. మా ఇంట్లో అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేముందు గుప్పెడు బియ్యం తీసి ముంతలో వేస్తుంది, రెండు పూటలా. నెలాఖరుకి ముంతలన్నీ గుళ్ళో కుమ్మరించి కొలుస్తాం, అమ్మిన డబ్బుతో మా పిల్లల్ని మేమే వేరే చోట్లకి పంపుతున్నాం. మిజోరాం వాళ్ళు 1910 నుంచి ఇదే చేస్తున్నారు. కాబట్టి మమ్మల్ని ఫీల్డ్ అనకండి, కలిసి పనిచేద్దాం రండి అనండి.

2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా వైపు కొండచరియలు విరిగిపడ్డాయి, మనుషులు మట్టిలో పోయారు. అప్పుడు పర్లాకిమిడి నుంచి ఒక తెలుగు సంఘం కుర్రాళ్ళు బ్యానరు లేకుండా పారలు పట్టుకుని వచ్చారు, మూడు రోజులు రోడ్డు మీద మట్టి తీశారు. వాళ్ళ సంఘం పేరు మాకు ఇప్పటికీ తెలీదు. ముఖాలు గుర్తున్నాయి.

మహేంద్రతనయ_గట్టు:
అన్నా మేమూ దుప్పట్లు పంచాం, బ్యానరూ కట్టాం, ఆ ఫ్లెక్సీకి 900 అయింది, దుప్పటి ఒకటి 180. అంటే ఐదు దుప్పట్లు గాలికి కట్టాం. సిగ్గుగా ఉంది. మీకు నిజంగా ఏం కావాలో చెప్పండి.

సెరంగో_దారి:
రక్తం. మా కొండ మీద మిషన్ ఆసుపత్రికి కాన్పుకి వచ్చే ఆడవాళ్ళలో చాలామందికి ఒంట్లో రక్తం ఉండదు, మలేరియా ఒకటి, సికిల్ సెల్ అనే రక్తం జబ్బు ఒకటి. రాత్రిపూట అర్జెంటు అయితే ఇంటివాళ్ళు కిందికి దిగి పట్నంలో తెలిసినవాళ్ళు లేక నిలబడిపోతారు. బ్లడ్ బ్యాంకు ఎక్కడుందో, ఎవర్ని అడగాలో తెలీదు. ఫోన్ చేస్తే వచ్చే పదిమంది పేర్లు, గ్రూపులు మాకు ఇవ్వండి చాలు. దుప్పట్లు ఉన్నాయి.

బరంపురం_బాబు:
నాది ఓ నెగటివ్. బరంపురం దూరమే కానీ రాసుకోండి.

జైపూర్_లూథరన్:
ఇక్కడ ఒకటి చెప్పాలి. మన తెలుగువాళ్ళకి సువార్త తెల్లవాళ్ళే తెచ్చారనుకుంటాం. 1903లో తిరునెల్వేలి తమిళులు సొంత డబ్బుతో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టి డోర్నకల్ తెలుగువాళ్ళ దగ్గరికి మనుషుల్ని పంపారు. ఆ సొసైటీ పెట్టినవాళ్ళలో ఒకరైన అజరయ్య గారు 1909లో తానే వచ్చి తెలుగు నేర్చుకున్నారు, 1912లో బిషప్ అయ్యారు. ఆయన 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో తెల్లవాళ్ళ ముందు నిలబడి, మీరు మీ ఆస్తులూ ప్రాణాలూ ఇచ్చారు, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అన్న అర్థంలో అడిగాడు. సెరంగో అన్న ఇవాళ మనల్ని అడిగింది అదే.

గుణుపురం_టీచరమ్మ:
నాకు 67 ఏళ్ళు, రక్తం తీసుకోరు. కిందికి దిగే వాళ్ళకి రాత్రి పడుకోడానికి చాప, పొద్దున టీ మా ఇంట్లో. ఇది కూడా రాసుకోండి, గుణుపురం వైపు వచ్చేవాళ్ళకి.

మహేంద్రతనయ_గట్టు:
రెండు నెలల పైనే అయ్యాక మళ్ళీ రాస్తున్నా, ఆలస్యానికి క్షమించండి, పెళ్ళిళ్ళ సీజన్, సీరియల్ లైట్ల పని ఊపిరాడలేదు.

పన్నెండున్నర ప్రార్థన తీసేశాం. పెద్దాయన కొంచెం నొచ్చుకున్నారు, నాతో రెండు వారాలు మాట్లాడలేదు. గురువారం సాయంత్రం 7కి వేరే కూడిక పెట్టాం, అక్క డ్యూటీ దిగే టైమని చెల్లెలు చెప్పింది, అక్కడ మన కన్నా 15 నిమిషాలు ముందుంటుంది గడియారం, అది కూడా మొదటి వారమే తెలిసింది మాకు. మొదటి గురువారం 11 మంది, రెండో వారం వాన, 6. మన నర్సమ్మ అనే అంటాం, ఫోన్లన్నీ బయట బల్ల మీద పెట్టి లోపలికి వస్తాం. మూడో వారం చెల్లెలు కబురు చెప్పింది, ఓనరు గది ఖాళీ చెయ్యమన్నాడంట. మేం ప్రార్థన చేసిన దానికి ఎదురు జరిగింది. ఒకావిడ అడిగింది, మరి ఎందుకు చేసినట్టు అని. అయ్యగారు కాసేపు మాట్లాడలేదు, తర్వాత మళ్ళీ చేద్దాం అన్నారు. చేశాం. ఇంకా గది దొరకలేదు.

కోత పండుగ వేలంలో ఈసారి డబ్బు మిషన్ పద్దుకే అన్నాం. ఒక గుమ్మడికాయ 1,150కి పోయింది, పాడినవాడు మళ్ళీ సంఘానికే ఇచ్చేశాడు, అది రెండోసారి 600. పండుగ మొత్తం 9,400. ఇంటింటికీ ముంతలు ఇచ్చాం, మొదటి నెల బియ్యం 14 కిలోల 300 గ్రాములు. ఒక ఇంటి ముంతలో ఉత్త నూకలు వచ్చాయి, ఎవరిదో తెలుసు కానీ ఎవరం అనలేదు, రెండో నెల వాళ్ళింటి నుంచే మంచి బియ్యం వచ్చింది. ఫ్లెక్సీ కొట్టించలేదు.

రక్తం లిస్టు 23 మంది అయింది. నాతో మాట్లాడని ఆ పెద్దాయన కొడుకులు ఇద్దరూ అందులో ఉన్నారు. పోయిన మంగళవారం రాత్రి 11కి సెరంగో అన్న ఫోన్ చేశాడు, బి పాజిటివ్ కావాలని, పెద్ద కొడుకు స్కూటీ తీసుకుని వెళ్ళాడు, వెనక కూర్చుని పెద్దాయన కూడా వెళ్ళారంట, పిల్లాడు ఒక్కడే రాత్రి పూట ఎందుకని. తల్లీ బిడ్డా బాగున్నారు. మర్నాడు పెద్దాయన షాపుకొచ్చి ఆ అమ్మాయి పేరేంటో కనుక్కో అన్నారు. కనుక్కుని చెప్పాను. గురువారం ఆయన లేచి ఖండాలేమీ అనలేదు, ఆ పేరు, నర్సమ్మ గది, రెండే.

వచ్చే శనివారం కొండ మీద ఆసుపత్రిలో వైరింగ్ పాతబడిపోయిందని అన్న చెప్పాడు, మేం నలుగురం వెళ్తున్నాం, వైరు, స్విచ్చులు మిషన్ పద్దులోంచి, కూలి లేదు. పొద్దున 6కి కోర్టు జంక్షన్ నుంచి బండి. ఇంకా రెండు సీట్లు ఖాళీ ఉన్నాయి, నిచ్చెన పట్టుకోడానికి ఎవరైనా వస్తారా?

పాతపట్నం_అన్న:
ఒక సీటు నాకు. మా వీది ముసలమ్మని కూడా అడిగినాను, మోకాళ్ళ నొప్పి, కొండెక్కలేనన్నాది. మీకు పులిహోర కట్టి పంపుతాదంట.